మూడడుగుల కాగితం

మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి నేను శ్రీరామ్మూర్తి గారి గదిలోకి అడుగు పెట్టేసరికి పోలీసు ఫిర్యాదు టైపు చేసి బల్ల మీద సిద్ధంగా ఉంది. నిందితురాలి పేరు కూడా వేసేశారు. ఇక దర్యాప్తు ఒక్కటే మిగిలింది.

"లేటయిపోనావు వరహాలూ," అన్నాడు వీరేంద్ర, కుర్చీలో వెనక్కి వాలి. "కేసు తేలిపోయింది. మూడింటికి నాను స్టేషన్‌కి ఎల్తన్నాను. నీకు టీ తెప్పించమంటావా?"

వీరేంద్ర రిటైర్డ్ సర్కిల్ ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు అచ్యుతాపురంలోని ఈ కంపెనీకి విజిలెన్స్ ఆఫీసరు. నేను డిటెక్టివ్‌ని కాకముందు పదకొండేళ్ళు ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని. విరిగిన వస్తువుని చూసి అది ఎందుకు విరిగిందో రాయడం నా పని. ఒక గోడౌన్ మంటల కేసులో ఆయన దొంగని పట్టుకున్నాడు, నేను పాత వైరుని పట్టుకున్నాను. కోర్టు వైరు మాటే విన్నది. ఆ సంగతి ఆయన మర్చిపోలేదు. నేను కూడా మర్చిపోలేదనుకోండి.

"టీ వద్దు, మూడింటి దాకా టైము ఇవ్వండి చాలు," అన్నాను.

కంపెనీ యజమాని శ్రీరామ్మూర్తి గారు చెయ్యి ఊపి సరే అన్నారు. పొద్దున్న నాకు ఫోన్ చేసింది ఆయనే. చేపల పడవల్ని రిపేరుకి నీళ్ళలోంచి ఒడ్డుకి ఎత్తే చిన్న క్రేన్లు ఆయన కంపెనీలో తయారవుతాయి. పడవలు దిగే ఒక రేవులో సెప్టెంబరు పద్దెనిమిదిన క్రేనుకి కాంక్రీటు దిమ్మ కట్టి, అందులో ఎనిమిది బోల్టులు గుండ్రంగా పాతారు. నిన్న, అంటే అక్టోబరు ఐదున, క్రేను తెచ్చి ఆ బోల్టుల మీద దించితే, ఎనిమిదింటిలో ఒక్కటి కూడా అడుగుపళ్ళెం కన్నాల్లోకి వెళ్ళలేదు. బోల్టుల వలయం అయిదు వందల మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. అయిదు వందల పదమూడు ఉంది.

పదమూడు మిల్లీమీటర్లంటే చిటికెన వేలి మందం. అదే ఇప్పుడు గౌరీశ్వరి మెడకి చుట్టుకుంది.

ఆమె గోడ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్ళు ఉంటాయి. సబ్బవరం అమ్మాయి, పాలిటెక్నిక్ డిప్లొమా, ఆరేళ్ళుగా ఇక్కడ కంప్యూటర్ మీద డ్రాయింగులు గీస్తోంది. ఆ బోల్టుల డ్రాయింగు ఆమెదే.

"మూడు పాయింట్లు," అన్నాడు వీరేంద్ర, వేళ్ళు లెక్కపెడుతూ. "ఒకటి, పదిహేడో తారీఖు పన్నెండు ముప్ఫై ఆరుకి ఈవిడ కంప్యూటర్లో పెన్‌డ్రైవ్ ఎట్టినట్టు రికార్డుంది. రెండు, డ్రాయింగు ప్రింటు పదహారునే తీసీసినానని సెప్తంది. మరి పదిహేడున పెన్‌డ్రైవ్ ఏటి? మూడు, ఈవిడ బావ అశోక్ పని సేసేది ఎక్కడనుకున్నావు? ఈ క్రేన్ల టెండరు మన చేతిలో పోగొట్టుకున్న కంపెనీలో. ఇంకేటి కావాలి నీకు?"

"డ్రాయింగు మార్చి మీకు నష్టం తెచ్చి, వాళ్ళకి లాభం చేసిందంటారు."

"అంటన్నాను. రాసినాను కూడా."

ఆ కాగితం స్టేషన్‌కి చేరితే ఏమవుతుందో నాకు తెలుసు. కేసు నిలబడకపోవచ్చు. కానీ ఈ ఊళ్ళో డ్రాయింగు దొంగచాటుగా మార్చిందన్న పేరు ఒకసారి పడితే, ఆమె గీసిన గీతని ఇంకెవరూ నమ్మరు. గీతలు గీయడం తప్ప ఆమెకి వేరే బతుకు లేదు.

నేను స్టూలు ఎదురుగా కుర్చీ లాక్కున్నాను.

"ఆ ప్రింటు ఎప్పుడు తీశావమ్మా?"

"పదహారు సాయంత్రం అండి. అయిదింటికి."

"మర్నాడు కాదు కదా?"

"కాదండి. మర్నాడు విశ్వకర్మ పూజ. ఆ రోజు ఎవరం పని సెయ్యం."

ఈ మాట అంటూ ఆమె నా వైపు చూడలేదు. అబద్ధం అలవాటు లేనివాళ్ళు అబద్ధం చెప్పేటప్పుడు ఏదో ఒక వస్తువుని పట్టుకు వేలాడతారు. ఈమె చూపు గోడ మీది బ్యానర్ దగ్గర ఆగింది. నేను కూడా అటు చూశాను. పూజ అయి పంతొమ్మిది రోజులైనా దాన్ని ఇంకా తీయలేదు. విశ్వకర్మ బొమ్మ, చుట్టూ పనిముట్లు, అడుగున 'పూజా కమిటీ అధ్యక్షులు: వీరేంద్ర' అని దేవుడి పేరు కన్నా ఒకింత పెద్ద అక్షరాలు. ఫ్లెక్సీ కాదు, కాగితం.

"బ్యానర్ బాగుంది," అన్నాను.

"ఫ్లెక్సీ షాపోడు ఆకరి నిమిషంలో సెయ్యిచ్చాడు," అన్నాడు వీరేంద్ర. పొగిడితే ఆయన ముఖం ఎప్పుడూ విచ్చుకుంటుంది. "అయినా పని ఆగిందేటి? కమిటీ పనులన్నీ దగ్గరుండి నానే సూసుకున్నాను."

"ప్రింటు తీసే మిషను చూడొచ్చా?" అని శ్రీరామ్మూర్తి గారిని అడిగాను. ఆయన తల ఊపారు. గౌరీశ్వరి లేచి దారి చూపించింది.

ప్లాటర్ అంటే పెద్ద ప్రింటరే, బల్లంత వెడల్పు ఉంటుంది. లోపల రెండడుగుల కాగితం చుట్ట ఉంటుంది. డ్రాయింగు ఎంత పొడుగో చూసుకుని, ముద్రించాక, అక్కడికి తనే కోసుకుంటుంది. ప్లాటర్ పక్కనే తలుపుల్లేని అల్మరా, అందులో తీసిన డ్రాయింగుల దొంతర. ఆఫీసు కాపీలట.

నేను మిషను ముట్టుకోలేదు. ముందు ఆ దొంతర చూశాను. కింది కాగితాలన్నీ అల్మరా అంచుకి సమంగా ఉన్నాయి. పైవి నాలుగు వేళ్ళ మేర బయటికి పొడుచుకొచ్చాయి. ఎవరో నిర్లక్ష్యంగా పెట్టారనుకుని వెనక్కి నెట్టాను. వెనక గోడకి తగిలి ఆగాయి, అయినా నాలుగు వేళ్ళు బయటే.

నా జేబులో తుపాకీ ఉండదు, కొలత టేపు ఉంటుంది. తీసి కొలిచాను. కింది కాగితాల పొడవు ఎనిమిది వందల నలభై ఒకటి. పైవాటిది తొమ్మిది వందల పద్నాలుగు.

"మీరు వాడేది ఏ సైజు?"

"ఏ-వన్ అండి. ఎనిమిదొందల నలభై ఒకటే ఉండాలి." ఆమె దగ్గరికొచ్చి టేపు చూసింది. "ఇదేటి, ఇంత పొడుగొచ్చింది?"

తొమ్మిది వందల పద్నాలుగు మిల్లీమీటర్లలో పుట్టిన అంకె కాదు. అది మూడడుగులు. మిల్లీమీటర్లలో బతికే ఆఫీసులో అడుగుల కాగితం ఎక్కడినుంచి వచ్చింది? కాగితాల మూలన ఉన్న తేదీలు చూశాను. పొట్టివాటిలో ఆఖరిది సెప్టెంబరు పదహారు. పొడుగువాటిలో మొదటిది పద్దెనిమిది. మధ్యలో ఒక్క పదిహేడు లేదు, ఎందుకంటే పదిహేడున పని చేయలేదు. చేయలేదని చెబుతున్నారు.

"మిషన్లో పేపర్ సైజు ఏం పెట్టి ఉందో చూపించు."

ఆమె ప్లాటర్ మీది చిన్న తెర నొక్కింది. 'ఆర్చ్ డి' అని వచ్చింది. దాని కింద 'ఫిట్ టు పేపర్: ఆన్'. గౌరీశ్వరి చెయ్యి తెర మీదే ఆగిపోయింది.

"ఇది అమెరికా కాగితమండి. రెండడుగులు, మూడడుగులు. మా ఏ-వన్ కన్నా కొంచెం పెద్దది," అంది మెల్లగా. "ఫిట్ టు పేపర్ అంటే, మనం ఏ-వన్ డ్రాయింగు ఇచ్చినా, మిషను దాన్ని అన్ని పక్కలకీ ఒకేలా సాగదీసి, ఈ పెద్ద కాగితం వెడల్పు నిండేదాకా పెంచి ఏసెస్తది; పొడుగున కొంచెం ఖాళీ మిగులుతాది."

"ఎంత సాగదీస్తుంది?"

ఆమె ఫోన్లో లెక్క వేసింది. అంకె వచ్చాక ఫోను నాకు ఇచ్చేసింది, చదవలేక. నూటికి రెండున్నర పైచిలుకు. అయిదు వందలకి పదమూడు.

"నాను ఎట్టలేదండి ఇది," అంది. అప్పుడు మొదటిసారి నా కళ్ళలోకి చూసింది. ఈ మాట నిజం.

"మూడు వారాలుగా డ్రాయింగులన్నీ పెద్దవై బయటికి పోతుంటే ఎవరూ చూడలేదా?"

"సైటోళ్ళు కాగితం కొలవరండి. దాని మీద రాసున్న అంకె సూసుకుంటారు. కాగితం ఎంత పెద్దదయినా అంకె మారదు గదా. కాగితాన్నే కొలతగా వాడేది ఒక్క టెంప్లేటుకే."

టెంప్లేటు అంటే అచ్చు కొలతలో తీసిన బొమ్మ. దాన్ని ప్లైవుడ్ పలక మీద అతికించి, బొమ్మలో చుక్క ఉన్నచోటల్లా కన్నం వేస్తారు. ఆ కన్నాల్లో బోల్టులు నిలబెట్టి చుట్టూ కాంక్రీటు పోస్తారు. బొమ్మ పెరిగితే బోల్టులు దూరం జరుగుతాయి.

ప్లాటర్ తెరలోనే పాత పనుల జాబితా ఉంది. పదిహేడో తారీఖున రెండు పనులు జరిగాయి. పన్నెండు నలభై ఒకటికి బోల్టుల టెంప్లేటు, కాపీలు రెండు. దానికి ముందు పదకొండు యాభై రెండుకి ఇంకొకటి. ఆ రెండో ఫైలు పేరు చూసి, రెండు పనులూ నోట్‌బుక్కులో రాసుకుని, నోరు మూసుకున్నాను.

"గౌరీశ్వరీ, పదిహేడున నువ్వే తీశావు. మిషను చెబుతోంది. పెన్‌డ్రైవ్ పెట్టింది ఇక్కడికి మోసుకురావడానికే. ఎందుకు దాచావు?"

ఆమె పెదవి కొరుక్కుంది. "సూరన్న బాబాయిని అడగండి. ఆయన సెప్పమంటే సెప్తాను."

సూరన్న షెడ్డులో డ్రిల్లు మిషను పక్కన ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఈ కంపెనీలో టెంప్లేట్లు కోసే మనిషి. మమ్మల్ని చూడగానే ఏం జరిగిందో కూడా అడగకుండా, తలుపు వెనక నుంచి ప్లైవుడ్ పలక లాగాడు. రేవులో కాంక్రీటు పోశాక వెనక్కి తెచ్చిన పలక అది. కాగితం మీద సిమెంటు మరకలున్నా బొమ్మ మొత్తం ఉంది. మూలన ఫైలు తయారైన సమయం ముద్ర: పదిహేడు, పన్నెండు ముప్ఫై ఎనిమిది. వలయం మీద 'ఐదు వందలు' అనే అంకె. నా టేపు మాత్రం అయిదు వందల పదమూడు అంది.

కాగితం అడుగున ఒక చిన్న గీత, పక్కన 'ఈ గీత 100 మి.మీ. ఉండాలి' అని రాసి ఉంది.

"ప్రతి టెంప్లేటుకీ ఏస్తానండి," అంది గౌరీశ్వరి. "దాన్ని స్కేలుతో కొలిసి, వంద ఉంటేనే వాడతాం."

కొలిచాను. నూట రెండుకీ నూట మూడుకీ మధ్యలో ఉంది.

"మరి ఆ రోజు ఎందుకు కొలవలేదు?"

సూరన్న భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "స్కేలు ఎక్కడుంది బాబూ కొలవడానికి? ఇశ్వకర్మ పూజ నాడు టేపులు, స్కేళ్ళు, మూలమట్టాలు అన్నీ దేముడి ముందర ఎట్టీసి గదికి తాళం ఏసెస్తాం. ఆయమ్మ బల్ల మీది స్కేలు కూడా అందులోనే. మర్నాడు తొమ్మిదింటికి హారతిచ్చాక గాని తియ్యకూడదు. అయ్యగారేమో పొద్దున్న ఏడింటికే కాంక్రీటు బండి వచ్చెస్తదన్నారు. ఏటి సెయ్యను? గౌరమ్మ కాళ్ళా వేళ్ళా పడి ప్రింటు తీయించినాను. షెడ్డులో ముట్టుకుంటే తప్పని ఇంటికి తీసుకుపోనాను. మా తోడల్లుడి డ్రిల్లుతో ఇంటికాడ కన్నాలేసినాను."

"ఆ తోడల్లుడి దగ్గర టేపు లేదా?"

"ఉన్నాది. కాగితమే కొలత గదా, మళ్ళీ టేపెందుకనుకున్నాను." ఆయన పలకని గోడకి ఆనించాడు. "నిన్న నాను ఒప్పేసుకుంటానన్నాను బాబూ. గౌరమ్మే వొద్దంది."

"వచ్చే మార్చిలో రిటైరవుతాడండి," అంది ఆమె. "పూజ నాడు పని సేసినాడన్న మాట పుడితే ఈ షెడ్డులో ఆయన్ని ఎవరు గౌరవిస్తారు? నా మీద కేసు దాకా వస్తదని నాకేటి తెలుసు."

ఇదీ సంగతి. నేరం కాదు, మొహమాటం. పదకొండేళ్ళ సర్వేలో నేను చూసిన విరిగిన వస్తువుల్లో సగం ఇలా విరిగినవే. నాకు కోపం రావాల్సింది, గుండె తేలికపడింది. ఇద్దరినీ, ఆ పలకనీ వెంటబెట్టుకుని యజమాని గదికి వెళ్ళేసరికి రెండూ యాభై అయింది.

వీరేంద్ర అంతా విన్నాడు. పలక చూశాడు. చూసి నవ్వాడు.

"జిగురు తడికి కాగితం ఉబ్బింది. అంతే."

"తడికి ఉబ్బితే ఒక పక్కకి ఎక్కువ, ఒక పక్కకి తక్కువ ఉబ్బుతుంది వీరేంద్ర గారూ. ఇది నిలువుకీ అడ్డానికీ ఒకేలా పెరిగింది. జిగురు ముట్టని కాగితాలు అల్మరాలో ఉన్నాయి. అవీ మూడడుగులే."

"అయితే కంప్యూటర్లోనే మార్చి, తీసి, మళ్ళీ సరి సేసీసింది."

"కంప్యూటర్లో వలయం మారిస్తే వలయం ఒక్కటే పెరగాలి. ఇక్కడ వంద గీత పెరిగింది, అక్షరాలు పెరిగాయి, చుట్టూ ఉన్న చట్రం పెరిగింది. డ్రాయింగు మంచిదే. ప్రింటు పెరిగింది. ప్లాటర్లో పేపర్ సైజు ఎవరో మార్చారు."

వీరేంద్ర కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఓడిపోయినట్టు కనిపించకుండా పక్క దారి వెతుక్కోవడం పోలీసు ఉద్యోగం నేర్పే విద్య.

"సరే. మార్చినోడు ఉన్నాడు గదా. ఈవిడైతే ఈవిడ, ఇంకోడైతే ఇంకోడు. ఆ సెట్టింగు దానంతట అది మారదు. ఎవడో ఒకడు ఏలెట్టి నొక్కాల." పెన్ను తీసి ఫిర్యాదు అడుగున రాస్తూ పైకి చదివాడు. "సదరు ప్లాటర్ సెట్టింగులు మార్చిన వ్యక్తి ఎవరైనా సరే, ఉద్యోగం నుంచి తొలగించి, కఠిన చర్య తీసుకోవలెను." సంతకం పెట్టాడు. "సూడు వరహాలూ, నాకు పక్షపాతం లేదు."

"లేదని రాతపూర్వకంగా వచ్చింది," అన్నాను. ఆ కాగితం మీద నాకు చెప్పాల్సింది ఉంది. అందుకోసం నోట్‌బుక్కు తెరిచాను. తెరిస్తే కళ్ళు నేను చూడబోయిన వరస మీద కాక టెంప్లేటు వరస మీద పడ్డాయి. కాపీలు రెండు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. రెండో కాపీ ఆఫీసు ఫైలుకి అనుకున్నాను. కానీ అల్మరాలో పదిహేడో తారీఖు కాగితం లేదని నేనే చూశాను.

"సూరన్నా, రెండో కాపీ ఎక్కడుంది?"

"అది భీమిలి పలక బాబూ. రెండు రేవులకీ రెండు పలకలు సేసినాను. ఒకే రోజు కాంక్రీటు."

"భీమునిపట్నం క్రేను మొన్ననే నిలబెట్టేశారు," అన్నారు శ్రీరామ్మూర్తి గారు. "అక్కడ ఏ గొడవా లేదు. బోల్టులు సెట్ అయిపోయాయని మోహన్ చెప్పాడు." మోహన్ అక్కడి సైటు సూపర్‌వైజరు.

ఒకే బొమ్మ, ఒకే తప్పు. ఇక్కడ ఒక్క బోల్టు పట్టలేదు, అక్కడ ఎనిమిదీ పట్టాయి.

"ఎలా పట్టాయి?" అన్నాను.

సూరన్న నెమ్మదిగా అన్నాడు. "గ్యాస్ కొట్టీసుంటారు బాబూ. క్రేను కన్నాలు గ్యాస్‌తో కాల్చి పెద్దవి సేసీసి, పైన వాషర్లు ఎట్టి బిగించేసుంటారు. పైకి ఏటీ కనపడదు. బరువు పడితే నట్టు పట్టు ఉండదు."

సరిపోలేదన్న చోట ఏ ప్రమాదమూ లేదు. సరిపోయిందన్న చోటే ఉంది.

"ఇవాళ మూడున్నరకి మొదటి పడవ ఎత్తుతున్నారు," అన్నారు శ్రీరామ్మూర్తి గారు. గడియారం మూడూ పన్నెండు చూపిస్తోంది. అచ్యుతాపురం నుంచి భీమిలికి కారులో రెండు గంటలు.

ఆయన మోహన్‌కి ఫోన్ చేశారు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశారు. క్రేను పని దగ్గర ఫోన్లు షెడ్డులో పెట్టి రావాలని రూలు పెట్టింది వీరేంద్రే. ఆ మాట ఆయనే చెప్పాడు, తల దించుకుని.

"ఎవరి పడవ?" అన్నాను.

"వీరన్న మావదండి." గౌరీశ్వరి అప్పటికే ఫోన్ తీసింది. "పడవ కొలతలకి ఎల్లినప్పుడు వాళ్ళింట్లోనే అన్నం తిన్నాను. సూర్యకాంతం అత్త నంబరుంది." ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కింది. మూడో రింగుకి ఎత్తారు.

"ఓలమ్మా గౌరీ, నీకు నూరేళ్ళు. మన పడవ లేపతన్నారే."

"అప్పుడే లేపీసినారా అత్తా?"

"ఒడ్డు మీంచి అడుగెత్తు లేసింది. మీ మావ పడవ కిందన కూకోని ఇంజిను ఫ్యాను సూత్తన్నాడు."

గౌరీశ్వరి గొంతు వణకలేదు. అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. "అత్తా, మావని బయటికి లాగు. ఎందుకని అడక్కు. లాగి, పడవ దించమని సెప్పు. క్రేను బోల్టులు పట్టి లేవు."

అటువైపు నుంచి గాలి హోరు, పరుగెత్తుతున్న చెప్పుల చప్పుడు, దూరంగా ఆమె అరుపు. "ఓరయ్యా, బయటికి రా. రా అంటంటే. ఓ క్రేను బాబూ, దించు. దించంటన్నాను."

ఎవరిదో మగ గొంతు. "మోహన్ బాబు సెప్పాలి గదా."

"పడవ నాది. నా పడవ నేల మీద ఎట్టడానికి నీకు మోహన్ బాబు సెప్పాలేటి?"

ఆ తర్వాత ఇనుము మీద ఇనుము కొట్టినట్టు ఒక శబ్దం వచ్చింది. ఆపైన ఏమీ లేదు. శ్రీరామ్మూర్తి గారు బల్ల అంచు పట్టుకున్నారు. సూరన్న కళ్ళు మూసుకున్నాడు. నేను గడియారం వైపు చూస్తూ సెకండ్లు లెక్కపెట్టాను, అలవాటు కొద్దీ. పద్దెనిమిది దాకా వచ్చాను.

"కూకుంది," అంది సూర్యకాంతమ్మ, రొప్పుతూ. "పడవ నేల మీద కూకుంది. ఈడు బయటే ఉన్నాడు. సొక్కా సిరిగిందని నన్ను తిడతన్నాడు."

గౌరీశ్వరి అప్పుడు ఏడ్చింది. తిడుతున్నాడంటే బాగానే ఉన్నాడని అర్థం. శ్రీరామ్మూర్తి గారు కుర్చీలో కూలబడి, "తిట్టనీ అమ్మా, తిట్టనీ," అన్నారు. ఆ గదిలో అంత హాయిగా తిట్లు విన్నది అదే మొదటిసారి అయి ఉంటుంది.

కాసేపటికి మోహన్ లైన్లోకి వచ్చాడు. పళ్ళెం ఒక పక్క లేచిందనీ, రెండు నట్లు వాషర్లతో సహా కన్నాల్లోంచి ఊడిపోయాయనీ, పడవ ఇంకో రెండడుగులు లేచి ఉంటే క్రేను మొత్తం ఒరిగేదనీ చెప్పాడు. "పదమూడు మిల్లీమీటర్లే గదా సార్, కాంక్రీటు పగలగొట్టమంటారని భయపడి గ్యాస్ కొట్టీసినాం," అన్నాడు. ఒక్కరికి కూడా దెబ్బ తగల్లేదు. ఆ మాట శ్రీరామ్మూర్తి గారు అతని చేత మూడుసార్లు చెప్పించుకున్నారు.

ఫోన్ పెట్టేశాక ఆయన సూరన్న వైపు తిరిగారు. "పూజ మర్నాడు ఏడింటికి బండి రమ్మన్నది నేను. తప్పు నాది. నీ రిటైర్మెంటు జోలికి ఎవరూ రారు."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. వీరేంద్ర కూడా. నిజం చెప్పాలంటే అందరికన్నా ఆయనే గట్టిగా పీల్చుకున్నాడు. మనిషి మొండివాడే గాని చెడ్డవాడు కాదు. కానీ బల్ల మీద ఆ కాగితం ఇంకా ఉంది, దాని మీద గౌరీశ్వరి పేరు ఇంకా ఉంది.

"ఒక్క చిన్న పని మిగిలింది," అని లేచాను. గోడ దగ్గరికి వెళ్ళి, టేపు కొస బ్యానర్ పై అంచుకి పెట్టి, కింది అంచు దాకా లాగాను. "వీరేంద్ర గారూ, మీకు దగ్గరగా ఉంది. అంకె చదువుతారా?"

ఆయన ముందుకి వంగాడు. చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"తొమ్మిది వందల పద్నాలుగు," అన్నాను నేనే. "మూడడుగులు. పదిహేడో తారీఖు, పదకొండు యాభై రెండు, ఫైలు పేరు 'పూజ బ్యానర్'. ఫ్లెక్సీ షాపువాడు చెయ్యిచ్చాడు, పని ఆగలేదు, దగ్గరుండి మీరే చూసుకున్నారు. యాభై నిమిషాల తర్వాత గౌరీశ్వరి టెంప్లేటు తీసింది. మిషను మీరు చెప్పినట్టే చేసింది." ఫిర్యాదు తీసి ఆయన ముందు పెట్టి, ఆయన పెన్నే ఆయనకి అందించాను. "వ్యక్తి ఎవరైనా సరే, అని సంతకం పెట్టారు. ఇక పైన పేరు మార్చడమే."

ఆయన ఆ పెన్ను పట్టుకోలేదు.

"ఆ ఫిట్ టు పేపర్ ఎందుకు నొక్కారు సార్?" అంది గౌరీశ్వరి. అడగడంలో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలనుకుంది.

వీరేంద్ర బ్యానర్ వైపు చూశాడు, అడుగు వరస వైపు.

"కాగితం సాల్లేదమ్మా," అన్నాడు, మాకు వినిపించీ వినిపించనట్టు. "కిందన నా పేరు తెగిపోతంటే, పెద్ద సైజు ఎట్టి అది నొక్కినాను."

సూరన్న నవ్వు ఆపుకోలేక గుమ్మం వైపు తిరిగాడు. శ్రీరామ్మూర్తి గారు నా వైపు, నేను గౌరీశ్వరి వైపు చూశాం. నిర్ణయం ఆమెదే అనిపించింది. ఆమె ఫిర్యాదు తీసుకుంది, తన పేరు ఒకసారి చదువుకుంది, నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసింది.

"మీ టేపు ఒక్కసారి ఇస్తారా అండి?" అంది నాతో.

అందరం ప్లాటర్ గదికి వెళ్ళాం. ఆమె ఏ-వన్ సైజు పెట్టింది, ఫిట్ టు పేపర్ తీసేసింది, టెంప్లేటు మళ్ళీ ముద్రించింది. కాగితం బయటికి వచ్చి, తెగి, బుట్టలో పడింది. ఆమె దాన్ని బల్ల మీద పరిచి, టేపు వీరేంద్ర చేతికి ఇచ్చింది.

"మీరే కొలవండి సార్."

ఆయన కళ్ళజోడు సవరించుకుని, అడుగున ఉన్న చిన్న గీత మీద టేపు ఆనించి, ఒకసారికి రెండుసార్లు చూశాడు.

"వంద," అన్నాడు. "సరిగ్గా వందమ్మా."